పన్నెండు కిలోలు తగ్గుతాయి, సరే. బండి ఎన్ని రోజులు నిలబడుతుంది?

ప్రశ్న: సార్, నమస్తే. నాది 2017 పోలో జీటీ టీఎస్ఐ, 1.2 ఇంజన్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నిజాంపేటలో ఉంటాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా ఈ రేసు చూసొచ్చినప్పటి నుంచి నాకు పిచ్చి ముదిరింది. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, రీమ్యాప్ చేయించాను, తేలికైన అలాయ్ వీల్స్ వేయించాను. ఆఫీసు గచ్చిబౌలిలో, కానీ వారానికి రెండు రోజులే వెళ్లాలి. మిగతా రోజులు కారు సెల్లార్‌లోనే ఉంటుంది. ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్లొస్తాను. ఏడాదికి రెండుసార్లు స్నేహితులతో కలిసి కోయంబత్తూరు కరి ట్రాక్‌కి వెళ్తాను.

ఇప్పుడున్న బ్యాటరీ 60 ఏహెచ్. తీసి బియ్యం తూచే కాటా మీద పెడితే 15 కిలోల చిల్లర చూపించింది. సిటీలో ఒక షాపులో లిథియం బ్యాటరీ చూపించారు, 2.8 కిలోలే. పైన '40 ఏహెచ్‌కి సమానం' అని రాసుంది. 32 వేలు చెప్పారు. పాతది ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుంటారట. ఒక స్నేహితుడేమో ఉన్న బ్యాటరీనే డిక్కీలోకి మార్చు, ముందు బరువు తగ్గి మలుపుల్లో బండి బాగా తిరుగుతుంది అంటున్నాడు. ఇంకొకడు సోలార్‌కి వాడే లిథియం ప్యాక్ పదివేలకే కట్టిస్తానంటున్నాడు. కారుకి స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ తనే ఆగి మళ్లీ మొదలయ్యేది) లేదు. డాష్‌క్యామ్ ఉంది, బండి ఆగి ఉన్నప్పుడూ రికార్డ్ చేసేలా పార్కింగ్ మోడ్ కనెక్షన్ కూడా ఇప్పించాను. జీపీఎస్ ట్రాకర్ ఉంది. సంక్రాంతికి పది రోజులు రైల్లో ఊరెళ్తాం. ఏది తీసుకోమంటారు?

– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మీ ఉత్తరాన్ని నేను చివర్నుంచి మొదటికి చదివాను. పార్కింగ్ మోడ్ డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, పది రోజుల సంక్రాంతి అంటూ మీరు మాటవరసకి రాసిన రెండు మూడు వాక్యాల్లోనే జవాబంతా ఉంది. 2.8 కిలోల సంగతి ఆ తర్వాతే.

ముందు ఆ '40 ఏహెచ్‌కి సమానం' అన్న మాట చూద్దాం. షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. అలాగని నిజమంతా కూడా చెప్పలేదు. మీ అపార్ట్‌మెంట్ మీద ఉన్న నీళ్ల ట్యాంకు తలచుకోండి. ట్యాంకులో ఎన్ని నీళ్లు పడతాయన్నది ఒక లెక్క. దాని నుంచి దిగే పైపు ఎంత లావుందన్నది వేరే లెక్క. ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్, ట్యాంకు లెక్క. సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది పైపు లెక్క. లిథియం బ్యాటరీది చిన్న డ్రమ్ముకి బిగించిన లావుపాటి పైపు. సెల్ఫ్ కొట్టడంలో అది తనకంటే మూడు రెట్లు పెద్ద సీసం బ్యాటరీతో సమానంగా నిలుస్తుంది. అందుకే తయారీదార్లు అసలు నిల్వని దాదాపు మూడుతో గుణించి, ఆ అంకెని పెద్ద అక్షరాల్లో వేస్తారు. 40ని మూడుతో భాగిస్తే 13. మీకు చూపించిన డబ్బాలో నిజంగా ఉండేది సుమారు 13 ఏహెచ్. బరువు చూసినా అంతే తేలుతుంది, 2.8 కిలోల్లో 40 ఏహెచ్ ఇమడదు.

13 ఏహెచ్‌తో మీ కారు స్టార్టవుతుందా అంటే, నిక్షేపంగా అవుతుంది. 1.2 పెట్రోల్ ఇంజన్‌ని తిప్పడానికి సెల్ఫ్ మోటారు ఓ 200 ఆంపియర్లు లాగిందనుకుందాం, రెండు సెకన్ల పాటు. గంటల్లోకి మారిస్తే అది 0.11 ఏహెచ్. బ్యాటరీలో అది లెక్కలోకి రానంత కొంచెం. నిలబడి ఉన్నప్పుడే అసలు ఖర్చు.

తాళం వేసి లిఫ్ట్ ఎక్కాక కూడా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ తాళం, గడియారం, కంప్యూటర్లు అన్నీ కలిసి 30 మిల్లీఆంపియర్ల దాకా తాగుతూనే ఉంటాయి. దాని మీద మీ ట్రాకర్ ఓ 20 వేసుకోండి. 50 మిల్లీఆంపియర్లు 24 గంటలకి 1.2 ఏహెచ్. ఇంతవరకూ ఫర్వాలేదు. పార్కింగ్ మోడ్‌లో డాష్‌క్యామ్ 250 మిల్లీఆంపియర్లు లాగడం మామూలే. అంటే రోజుకి ఇంకో 6 ఏహెచ్. మొత్తం 7.2. పదమూడుని ఏడుంపావుతో భాగిస్తే రెండు రోజులు కూడా రాదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సెల్లార్‌లో పెట్టిన కారు, ఆదివారం తెల్లవారుజామున అనంతగిరికి బయల్దేరేటప్పటికే మూలుగుతుంది. సంక్రాంతి దాకా ఎందుకు!

డాష్‌క్యామ్‌లో వోల్టేజ్ కటాఫ్ ఉంది కదా, 12 వోల్టులకి దిగగానే అదే ఆగిపోతుంది కదా అని మీకు అనిపించొచ్చు. అక్కడే ఇంకో మెలిక. ఆ 12 వోల్టుల గీత సీసం బ్యాటరీకి గీసింది. సీసం బ్యాటరీ నిండా ఉంటే 12.7 చూపిస్తుంది, సగానికి 12.2, 12కి వచ్చేసరికి ఇంకా కాస్త మిగిలి ఉంటుంది. ఈ స్టార్టర్ లిథియం బ్యాటరీల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ దారి వేరు. నిండుగా ఉన్నప్పుడు 13.3, మూడో వంతుకి దిగినా 13 దగ్గరే నిలబడుతుంది, 12.8 చూపించేసరికి అడుగున కొద్దిగానే ఉంటుంది. ఆ తర్వాత కొండ అంచు నుంచి జారినట్టు పడిపోతుంది. డాష్‌క్యామ్ 12 చూసి 'ఇక ఆపుదాం' అనుకునే లోపే బ్యాటరీ అయిపోతుంది. సీసం బ్యాటరీ ముసలాయనలా రెండు వారాల ముందు నుంచీ దగ్గుతూ, సెల్ఫ్ నెమ్మదిగా తిప్పుతూ హెచ్చరిస్తుంది. లిథియం నిన్నటి దాకా పరిగెత్తి ఇవాళ లేవదు.

ఈ ముక్క నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఇలాగే చిన్న లిథియం బ్యాటరీ వేయించుకుని, ఎడమ చేత్తో లేపి చూపిస్తూ అందరికీ గొప్పలు పోయాను. సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండో రోజు తిరిగొస్తే రిమోట్ పలకలేదు. తాళంచెవితో తలుపు తీసి మల్టీమీటర్ పెడితే సున్నా వోల్టులు. లోపలుండే రక్షణ సర్క్యూట్, బీఎంఎస్ అంటారు కదా, సెల్స్ పాడవకుండా తలుపులు మూసేసుకుంది. ఛార్జర్ తగిలిస్తే అదేమో అవతల వోల్టేజీ కనపడక, బ్యాటరీయే లేదనుకుని ఊరుకుంది. చివరికి పక్క ఫ్లాట్ ఆయన కారు బ్యాటరీకి కాసేపు జంపర్ తీగలు కలిపి దాన్ని నిద్ర లేపాం. లేచింది గానీ మునుపటి దమ్ము రాలేదు. కొన్న షాపుకి తీసుకెళ్తే వారంటీ కార్డు తిప్పి వెనక చీమంత అక్షరాలు చూపించారు: పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి వర్తించదట. ఆ అక్షరాలు ముందే చదవనందుకు ఎవర్ని అనాలి?

ఇక బరువు సంగతి. మీ కారు సుమారు 1,100 కిలోలు. మీరు కూర్చుంటే 1,170, 1,180. పన్నెండున్నర కిలోలు తగ్గితే ఒక్క శాతం. సున్నా నుంచి వందకి కంపెనీ చెప్పుకున్నది 9.7 సెకన్లు, అందులో ఒక్క శాతం అంటే సెకనులో పదో వంతు. కరి ట్రాక్ లాంటి చిన్న, మెలికల ట్రాక్ మీద బ్రేక్ ఒక అడుగు ముందు నొక్కినా ఆ పదో వంతు పోతుంది. పెట్రోల్ లీటరు ముప్పావు కిలో ఉంటుంది. మీ 45 లీటర్ల ట్యాంకు నిండితే 33 కిలోలు. సగం ట్యాంకుతో ట్రాక్‌లోకి దిగితే బ్యాటరీ తగ్గించేదానికంటే ఎక్కువే తగ్గింది, పైసా ఖర్చు లేకుండా. స్టెప్నీ, జాకీ, పాన తీసి పిట్ గోడ పక్కన పెడితే ఇంకో పదిహేను కిలోల పైమాటే. డిక్కీ ఒకసారి తెరిచి చూడండి. నా డిక్కీలో ఓసారి ఆరు నెలలుగా ఊరేగుతున్న ఆవకాయ జాడీ దొరికింది. ఆరు కిలోలు, అనంతగిరి మలుపులన్నీ చూసింది పాపం.

అలాగని బ్యాటరీ బరువుకి అర్థమే లేదనను. పోలోలో అది ఇంజన్ పక్కన, ముక్కు చివర, కాస్త ఎత్తులో కూర్చుని ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే కారుకి బరువు అసలే ముందే ఎక్కువ. అక్కడ తగ్గే ఒక కిలో వెనక సీటు కింద తగ్గే కిలోకంటే విలువైనది. మలుపులోకి తిప్పినప్పుడు ముక్కు కాస్త చురుగ్గా లోపలికి వస్తుంది. చేతికి తెలిసీ తెలియనంత తేడా. ఆ తేడా కోసమే మీ స్నేహితుడు డిక్కీ అంటున్నాడు.

డిక్కీలోకి మార్చడం పుస్తకం ప్రకారం సరైన ఆలోచనే. కానీ లెక్క వేసి చూడండి. ముందు నుంచి వెనక్కి కనీసం 5 మీటర్ల తీగ కావాలి, అదీ 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. దాని రాగే రెండుంపావు కిలోలు, పైన రబ్బరు తొడుగు కలిపితే మూడుకి దగ్గరగా తేలుతుంది. అంటే కారు మొత్తం బరువు పెరిగింది. ఆ తీగ రేకులో రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా గ్రామెట్, అంటే రబ్బరు రింగు, ఉండాలి, బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే పెద్ద ఫ్యూజు ఉండాలి. అది లేకుండా ఎక్కడైనా తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆపేవాడు లేని వెల్డింగ్ మిషన్ అయిపోతుంది. పైగా మీది హ్యాచ్‌బ్యాక్, డిక్కీకీ మీకూ మధ్య ఉన్నది ఒక అట్ట మాత్రమే. మామూలు సీసం బ్యాటరీ ఛార్జవుతూ హైడ్రోజన్, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. దాన్ని మీరు కూర్చునే గదిలో పెట్టాలంటే బయటికి గొట్టం తీయాలి, లేదా ఆమ్లం బయటికి రాకుండా మూసి ఉండే ఏజీఎమ్ రకం బ్యాటరీ వాడాలి. ట్రాక్‌కే అంకితమైన కారైతే చేయించండి అనేవాణ్ణి. వారానికి రెండు రోజులు గచ్చిబౌలి వెళ్లే కారుకి వద్దు.

సోలార్ ప్యాక్ గురించి ఒక్క మాటతో తేల్చేస్తాను: వద్దు. లోపల సెల్స్ మంచివే అయినా, దాని బీఎంఎస్ 50 లేదా 100 ఆంపియర్ల దగ్గర ఆపేసేలా కట్టి ఉంటుంది. ఇంట్లో ఫ్యానుకీ ఫ్రిజ్‌కీ అది చాలు. సెల్ఫ్ 200 అడగ్గానే టక్కున కట్టేస్తుంది, డాష్‌బోర్డు చీకటైపోతుంది. ఒకవేళ నడుస్తుండగా బీఎంఎస్ కట్టేసిందంటే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటుకి ఆసరా పోయి వోల్టేజ్ ఎగదన్నుతుంది. అది కంప్యూటర్లకీ, డీఎస్‌జీలో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌కీ మంచిది కాదు. డీఎస్‌జీ రిపేర్ బిల్లు చూశాక పదివేల ప్యాక్ చవక అనిపించదు.

ఇప్పుడు ఎండ. ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే బ్యాటరీ మీద రాసే అంకెల్లో మనకి పనికొచ్చేది తక్కువ. సీసీఏ అని గొప్పగా వేస్తారు. దాని అర్థం, సున్నాకి దిగువన 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, 7.2 వోల్టులకి తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని. మన నిజాంపేటలో జనవరి తెల్లవారుజామున పది, పన్నెండు డిగ్రీలుంటే మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఆ పరీక్ష మన కోసం పెట్టింది కాదు. కొన్ని లిథియం డబ్బాల మీద అది కూడా ఉండదు, ఐదు సెకన్ల పీక్ అంకె వేసి ఊరుకుంటారు. రెండు డబ్బాల్ని పోల్చేటప్పుడు ఒకే రకం అంకెలేనా అని చూసుకోండి.

మన బ్యాటరీలని చంపేది ఎండ. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడుతుందని పాత లెక్క. లోపల ప్లేట్లు తుప్పు పట్టడం, నీరు ఆవిరవడం వేడికి వేగం పుంజుకుంటాయి. బయట 41 ఉన్న మే నెల మధ్యాహ్నం, పంజాగుట్ట నుంచి కొండాపూర్ దాకా ఏసీ వేసుకుని పాకుతూ వెళ్లిన రోజు నా బ్యాటరీ పైన అంటించిన థర్మామీటర్ 60 దాటింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకి చాలామంది తయారీదార్లు పెట్టే హద్దు సరిగ్గా ఆ 60 దగ్గరే. మంట పట్టే విషయంలో ఫోన్లలో వాడే లిథియం రకాలకంటే ఇది చాలా నిదానమైనది, ఆ భయం అక్కర్లేదు. కానీ రోజూ వేయించితే వయసు తొందరగా మీద పడుతుంది. మీ పాత బ్యాటరీకి చుట్టూ నల్ల తొడుగు ఉంటే, అది ఆ వేడికి అడ్డం వేసిన దుప్పటి. మెకానిక్ 'దీని పనేముంది సార్' అని పక్కన పడేస్తే, తీసుకుని మళ్లీ తొడగండి.

ఇక్కడ పోర్షే చేసిన పని చెప్పాలి. కారు కంపెనీల్లో మొదటగా లిథియం స్టార్టర్ బ్యాటరీని ఐచ్ఛికంగా అమ్మింది వాళ్లే. 2009 చివర్లో ప్రకటించి 2010 నుంచి 911 జీటీ3, జీటీ3 ఆర్ఎస్, బాక్స్‌టర్ స్పైడర్ కార్లకి ఇచ్చారు. ఆరు కిలోలకి లోపు, 60 ఏహెచ్ సీసం బ్యాటరీకంటే పది కిలోలు తక్కువ. జర్మనీలో ధర 1,904 యూరోలు. నాకు నచ్చిన సంగతులు మాత్రం వేరే రెండున్నాయి. ఒకటి, దాని మీద వాళ్లు రాసుకున్న నిల్వ 18 ఏహెచ్, నిజం అంకె. రెండోది, లిథియం కొన్నవాళ్లకి మామూలు సీసం బ్యాటరీ కూడా కారుతో పాటే ఇచ్చారు, చలికాలంలో అది వాడుకోమని. ఇంకో సంగతి పైకి కనపడదు. ఆ కార్లలో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, బ్యాటరీ ముందు సామాన్ల అరలో. అంటే వాళ్ల లిథియం డబ్బాకి ఇంజన్ సెగ తగలదు. మీ పోలోలో రెండూ ఒకే గదిలో కాపురం.

ఆ పోర్షే పద్ధతే మీకూ చెబుతున్నాను, చలికాలం బదులు సెల్లార్ అని చదువుకోండి. రోజువారీకి మీ 60 ఏహెచ్ సీసం బ్యాటరీని కదపకండి. ట్రాక్ రోజు కావాలనుకుంటే చిన్న లిథియం డబ్బా డిక్కీలో వేసుకుని కోయంబత్తూరు వెళ్లండి. పిట్‌లో పది నిమిషాల పని, ముందు మైనస్ విప్పి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. సాయంత్రం మళ్లీ పాతది బిగించి తొమ్మిది వందల కిలోమీటర్లు ఇంటికి రండి. కాబట్టి ఎక్స్‌ఛేంజ్ అన్న మాటకి ఒప్పుకోకండి; పాతది మీ దగ్గరే ఉండాలి.

కానీ ఏడాదికి రెండు రోజుల కోసం 32 వేలు పెట్టమంటారా అంటే, పెట్టమనను. ఆ డబ్బుతో మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్, మిగిలినదానికి ఇంకాస్త వేసుకుని ముందు రెండు టైర్లు తీసుకుంటే ల్యాపుకి ఎన్నో పదో వంతులు తగ్గుతాయి, బ్యాటరీ ఇచ్చేది ఒకటే. మీరు రీమ్యాప్, అలాయ్‌లు రాశారు గానీ ఉత్తరంలో బ్రేకుల ఊసే లేదు. అది నాకు కాస్త గుబులుగా ఉంది.

ఇంత చెప్పినా మనసు లిథియం మీదే ఉంటే (ఉంటుంది, నాకు తెలుసు), 13 ఏహెచ్‌ది మాత్రం వద్దు. మీ కారూ ట్రాకరూ కలిసి రోజుకి 1.2 తాగితే పది రోజులకి 12. దానికి రెండింతల పైన ఉంచుకుంటే, నిజంగా 30 ఏహెచ్ ఉన్నది కావాలి. అది ఐదారు కిలోలుంటుంది. తొమ్మిది, పది కిలోలు తగ్గినట్టే, సంక్రాంతికీ ఢోకా లేదు. దిగిపోతుంటే తనంతట తానే ఆగి, ఒక బటన్ నొక్కితే ఒకసారి స్టార్ట్ చేసేంత దాచి ఉంచే రకం కూడా దొరుకుతుంది. మీలాంటి వాడకానికి అదే ఎంచుకోండి. డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌ని మాత్రం కారు బ్యాటరీ నుంచి విప్పేయాలి. దానికి వేరే చిన్న పవర్ ప్యాక్‌లు వస్తాయి, కారు నడిచినప్పుడు ఛార్జయి, ఆగినప్పుడు కెమెరాకి ఇస్తాయి. లేదంటే సెల్లార్‌లో వాచ్‌మన్ ఉన్నాడు కదా.

ధర గురించి చిన్న ఆశ. ఈ సెల్స్ ఇప్పుడు బయటి దేశాల నుంచి వచ్చేవే ఎక్కువ. తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలు చేస్తూ పెరిగిన అమరరాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారు. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు ఈ ఐరన్ ఫాస్ఫేట్ పొడి తయారీ మీదే ఏళ్లుగా పనిచేస్తున్నారు. స్టార్టర్ బ్యాటరీ దాకా అది ఎప్పుడొస్తుందో గానీ, తొందరపడి ఇవాళే కొనకపోవడానికి ఇదీ ఒక సాకు.

కొనేముందు మూడు కొలతలు తీసుకోండి. మల్టీమీటర్ చాలు, పుత్లీబౌలి షాపులకి వెళ్లక్కర్లేదు. మొదటిది, రాత్రి నిలిపిన కారుకి పొద్దున్నే ఏదీ ముట్టుకోకుండా బ్యాటరీ వోల్టేజీ. రెండోది, ఇంజన్ నడుస్తుండగా అదే చోట, ఒకసారి ఊరికే, ఒకసారి ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి. 13.8కీ 14.6కీ మధ్య ఉంటే లిథియంకి సరిపడే కారు. 14.8 దాటుతుంటే ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడండి. మూడోది కాస్త ఓపిక పని. బానెట్ తెరిచి, మైనస్ క్లాంప్ విప్పి, క్లాంప్‌కీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల గుంటలో పెట్టి కలపండి. బానెట్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, తాళం వేసి, అరగంట వదిలేయండి. అప్పుడు కనపడేదే మీ కారు నిద్రలో తాగే కరెంటు. ఈలోగా తలుపు తీస్తే కొలత చెడుతుంది, ఇంజన్ స్టార్ట్ చేస్తే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది; ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి.

బిగింపు సంగతి చాలామంది వదిలేస్తారు. మీ బ్యాటరీని అడుగు అంచు దగ్గర క్లాంప్ నొక్కి పట్టుకుంటుంది. చిన్న డబ్బాకి ఆ అంచు ఉండదు. స్పాంజి ముక్కలూ జిప్ టైలతో కట్టి పంపే మహానుభావులున్నారు. దానికి తగిన ట్రే, బోల్టుతో బిగించే పట్టీ చేయించండి. ట్రాక్‌లో తనిఖీ చేసేవాళ్లు చేత్తో ఊపి చూస్తారు, ప్లస్ మీద మూత ఉందా అనీ చూస్తారు. టెర్మినళ్లు కూడా వేరుగా ఉంటాయి, బోల్టు రకానికి మీ క్లాంప్ పట్టాలంటే ఇత్తడి అడాప్టర్ కావాలి. అది వదులైతే డీఎస్‌జీ దీపాలు వెలిగి మీరు గేర్‌బాక్స్ పోయిందనుకుని కంగారు పడతారు.

ఛార్జర్ లిథియం మోడ్ ఉన్నదే వాడండి. సీసం బ్యాటరీ ఛార్జర్లలో సల్ఫేట్ వదిలించే మోడ్ ఒకటుంటుంది, అది పంపే ఎత్తు వోల్టేజీ దీనికి పడదు. పూర్తిగా దిగిపోతే జంప్ స్టార్ట్ చేసి అలాగే ఔటర్ ఎక్కేయకండి. ఆకలిగా ఉన్న లిథియం ఆల్టర్నేటర్ నుంచి ఎంత ఇస్తే అంత మింగుతుంది, దాన్ని వేడెక్కించి చంపుతుంది. ఇంట్లో ఛార్జ్ చేశాకే బయల్దేరండి. లడఖ్ ట్రిప్పు ఆలోచనుంటే సీసం బ్యాటరీతోనే వెళ్లండి, సున్నాకి దిగువన లిథియంని ఛార్జ్ చేయకూడదు. ఔటర్ మీద 120 కిలోమీటర్ల వేగం హద్దు సంగతి మీకు తెలిసే ఉంటుంది.

ఈ ఆదివారం అనంతగిరి మానుకుని ఆ మూడు కొలతలూ తీసి రాసి పంపండి. బ్రేక్ ప్యాడ్లు ఎంత మందం మిగిలాయో, బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా రాయండి.